కళ్ళజోడు పెట్టుకున్న మహాకాయుడు: జార్జ్ మైకన్

కళాశాల తెరచిన కొత్తలో జట్ల ఎంపిక జరిగే సాయంకాలాలలో మేము బాస్కెట్‌బాల్ కోర్టు గట్టుమీద కూర్చుని చూస్తూ ఉంటాము. ఈ అలవాటు మాకు చాలా ఏళ్ళుగా ఉన్నది. ఎంపికకు వచ్చిన విద్యార్థులలో ప్రతి సంవత్సరమూ ఇద్దరు మాకు తప్పక కనిపిస్తారు. ఒకడు తన ఎత్తుకు తానే సిగ్గుపడి భుజాలు ముందుకు వంచి నిలబడతాడు. మరొకడు తన వంతు రాగానే కళ్ళజోడు తీసి చొక్కా జేబులో దాచుకుని, ఆ తరువాత బంతి ఎటునుంచి వస్తున్నదో తెలియక తడబడతాడు. వీరిని చూసినప్పుడల్లా అమెరికా దేశపు క్రీడాకారుడు జార్జ్ మైకన్ మా జ్ఞాపకానికి వస్తాడు. ఎత్తు వలన నవ్వులపాలైన బాలుడూ అతడే, కళ్ళజోడు వలన జట్టులో చోటు పోగొట్టుకున్న బాలుడూ అతడే. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో బాస్కెట్‌బాల్ ఆడినవారందరిలోకీ శ్రేష్ఠుడని 1950లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జరిపిన ఎన్నికలో పత్రికారచయితలు ఎన్నుకున్నదీ అతడినే. ఈ రెండు స్థితుల నడుమ ఏమి జరిగిందో ఈ సంచికలో మా విద్యార్థులకు చెప్పదలచాము.

మైకన్ 1924 జూన్ 18వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో జన్మించాడు. షికాగో మహానగరానికి నైరుతి దిక్కున ఉన్న ఈ పట్టణం రాతిగనులకూ ఉక్కు కర్మాగారాలకూ పేరుపొందినది. తండ్రి వైపువారు క్రొయేషియా నుండి వలస వచ్చిన కుటుంబీకులు. తల్లిదండ్రులు భోజనశాల నడుపుకుంటూ పిల్లలను పెంచారు. సంపన్నులు కారు, నిరుపేదలూ కారు. బాల్యంలో జార్జ్ మోకాలు దారుణంగా విరిగింది. ఏడాదిన్నర కాలం అతడు మంచానికే అంటిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. ఈడు పిల్లలు వీధులలో పరుగెత్తి, గంతులు వేసి, తమ కాళ్ళూ చేతులూ తమ చెప్పుచేతలలోకి తెచ్చుకునే వయస్సులో ఈ బాలుడు కిటికీలోనుంచి వారిని చూస్తూ గడిపాడు. లేచి నడిచే నాటికి ఎత్తు పెరిగింది గాని ఆ ఎత్తును మోసుకుని తిరిగే నేర్పు మాత్రం రాలేదు. దానికి తోడు దృష్టిదోషం. దళసరి అద్దాల గుండ్రని కళ్ళజోడు లేనిదే ఎదుటి మనిషిని పోల్చుకోలేడు.

జోలియెట్‌లో పాఠశాల జట్టుకు ప్రయత్నించినప్పుడు, ఆ బాలుడు కళ్ళు చికిలించి చూడటం గమనించిన శిక్షకుడు, కళ్ళజోడు పెట్టుకునేవాడు ఈ ఆటకు పనికిరాడని తీర్మానించి పంపివేశాడు. ఆనాటి శిక్షకులలో చాలామంది అభిప్రాయం అదే గనుక ఆ ఒక్కరిని నిందించటం మా ఉద్దేశం కాదు. తరువాత జార్జ్ షికాగోలోని క్విగ్లీ మతవిద్యాలయంలో చేరాడు. క్రైస్తవ మతాచార్యుడు కావాలని అతని కోరిక. పియానో వాద్యంలో కూడా మంచి ప్రవేశం సంపాదించి, సంగీత విద్వాంసుడు కావాలని సైతం కొంతకాలం కలలు కన్నాడు. ప్రతిదినమూ ఇంటినుండి రైలులో షికాగోకు పోయి రావడంలోనే ప్రొద్దు గడచిపోయేది. తీరిక దొరికినప్పుడు ఆడిన ఆట తప్ప పాఠశాల రోజులలో అతనికి క్రమమైన శిక్షణ అంటూ లేదు.

కళాశాల వయస్సు వచ్చేసరికి మైకన్ ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. బరువు క్రమంగా 245 పౌన్లకు, అనగా సుమారు 110 కిలోలకు చేరింది. ఇంతటి ఎత్తు ఉన్నవానిని ఈనాడు శిక్షకులు వెదకి పట్టుకుంటారు. ఆనాటి పరిస్థితి అది కాదు. మరీ పొడగరులు చురుకుగా కదలలేరనీ, వారి కాళ్ళు వారికే అడ్డమవుతాయనీ ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. ఆట అప్పటికి పొట్టివారి, చురుకైనవారి ఆట. మైకన్ ప్రసిద్ధమైన నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి శిక్షకుడు జార్జ్ కియోగన్ ఎదుట ఆడి చూపించాడు. పాదానికి దెబ్బ తగిలి ఉన్న సమయం అది. పాసులు జారవిడిచాడు, అడుగులు తప్పాడు. కియోగన్ చూసి, ఏదైనా చిన్న కళాశాలకు పోయి చదువుకొమ్మని హితవు చెప్పి పంపాడు. షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయానికి అతడు తిరిగి వచ్చిన వైనం ఇది.

విచిత్రమేమిటంటే కియోగన్ వద్ద సహాయకుడుగా పనిచేసిన యువకుడే 1942లో డిపాల్‌కు ప్రధాన శిక్షకుడుగా వచ్చాడు. ఆయన పేరు రే మేయర్. అప్పటికి ఆయనకు ముప్పయి ఏళ్ళు కూడా నిండలేదు. గురువు తిప్పిపంపిన కుర్రవానిని శిష్యుడు చేరదీశాడన్నమాట. జరిగిన సంఘటన ఇంతే అయితే దీనిని అదృష్టమనవచ్చు. కాని మేయర్ చేసిన పని అదృష్టంతో పోల్చదగినది కాదు. ఎదుటనున్న బాలుని లోపాలను ఆయన ఒక్కొక్కటిగా విడదీసి చూశాడు. కాళ్ళు కదలవు, చేతులకు లయ తెలియదు, ఎడమచేయి దాదాపు నిరుపయోగం, ఎగురుటలో బలం లేదు, అన్నిటికీ మించి తన శరీరమంటే తనకే సిగ్గు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మందు ఆలోచించాడు.

కాళ్ళ కదలికకు ఆయన సూచించిన మందు వింటే మన విద్యార్థులు నవ్వుతారు. నాట్యం నేర్చుకొమ్మన్నాడు. పొట్టిగా ఉన్న ఒక విద్యార్థిని చేత ఈ మహాకాయునికి జంటనాట్యపు అడుగులు నేర్పించాడు. తోటివారందరూ చూస్తుండగా సిగ్గు దిగమ్రింగి మైకన్ నేర్చుకున్నాడు. కాలి మునివ్రేళ్ళపై బరువు నిలపటం, లయ తప్పకుండా తిరగటం అక్కడ పట్టుబడినాయి. తరువాత త్రాడాట. బాలికలు వాకిళ్ళలో ఆడుకునే ఆటనే గంటల తరబడి ఆడవలసి వచ్చింది. ముష్టియుద్ధం చేసేవారి వలె గాలిలోకి గుద్దులు విసిరే అభ్యాసం చేతుల వేగానికి. ఆపైన జట్టులోకెల్లా పొట్టివాడు, వేగవంతుడు అయిన ఆటగానిని ఎదుట నిలిపి, వాడు ఎటుపోతే అటు అడ్డుకొమ్మని ఆజ్ఞాపించాడు. మొదటి దినాలలో ఆ పొట్టివాడు ఇతని చుట్టూ బొంగరంలా తిరిగి పోతూ ఉండేవాడు. వారాలు గడిచిన కొలదీ పోవటం కష్టమైంది.

ఇవన్నీ ఒక ఎత్తు, బుట్టక్రింద చేసిన సాధన ఒక ఎత్తు. దీనిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ నేర్పేవారు నేటికీ దీనిని మైకన్ డ్రిల్ అన్న పేరుతోనే నేర్పుతున్నారు. ఆటగాడు రింగు క్రింద బోర్డుకు ఎదురుగా నిలుస్తాడు. ఎడమకాలు మోపి లేచి కుడివైపు నుండి కుడిచేతితో బంతిని బోర్డుకు తగిలించి రింగులో వేస్తాడు. వల నుండి జారిన బంతి నేలను తాకకముందే రెండు చేతులా అందుకుంటాడు. అందుకున్న బంతిని నడుముదాకా దించరాదు, తలకు పైననే ఉంచాలి. వెంటనే కుడికాలు మోపి లేచి ఎడమవైపు నుండి ఎడమచేతితో వేస్తాడు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. మధ్యలో ఆగటం లేదు. చూసేవారికి ఇది పసిపిల్లల ఆటలా ఉంటుంది. రింగు 10 అడుగుల ఎత్తున ఉన్నది, మనిషి ఏడడుగులకు దగ్గరగా ఉన్నాడు, ఇందులో గొప్ప ఏమున్నదని అడగవచ్చు. రెండు నిమిషాలు ఆగకుండా చేసి చూడమని అటువంటి వారికి మా మనవి. మా కోర్టుపై ప్రయత్నించినవారిలో ఎక్కువమంది మొదటి నిమిషం ముగియకముందే ఎడమచేయి వద్ద ఆగిపోయారు.

మైకన్ ఆ అభ్యాసం ప్రతిదినమూ వందలసార్లు చేశాడు. దాని ఫలితంగా అతనికి హుక్ షాట్ రెండు చేతులా సమానంగా వచ్చింది. ప్రత్యర్థికి వీపు చూపి నిలబడి, ఒక్కసారి ప్రక్కకు తిరిగి, చాచిన చేతిని తలపై నుండి అర్ధవృత్తాకారంగా తిప్పి బంతిని విడిచే పద్ధతి అది. విడిచే చేతికీ అడ్డుకునేవానికీ నడుమ ఆటగాని శరీరమంతా ఉంటుంది గనుక దానిని ఆపటం దుస్సాధ్యం. కుడిచేతివాటం ఒక్కటే అయితే ప్రత్యర్థి ఆ వైపు కాచుకుంటాడు. రెండు చేతులూ ఒకటే అయినవానిని ఎటు కాయగలడు? మంచాన పడిన ఏడాదిన్నరలో శరీరానికి అబ్బకుండా పోయిన నేర్పును ఈ విధంగా అతడు పద్ధెనిమిదేళ్ళు దాటిన తరువాత అక్షరాభ్యాసం నుండి నేర్చుకున్నాడు. మా ఉర్దూ విభాగపు మిత్రులు ఉస్తాదు, షాగిర్దు అని చెప్పే సంబంధం ఎటువంటిదో తెలియాలంటే మేయర్, మైకన్‌లను చూడవచ్చు. షాగిర్దు చెమట ఎంత నిజమో, ఏది ఎందుకు చేయాలో తెలిసిన ఉస్తాదు చూపు అంత నిజం. కష్టం ఒక్కటే చాలునని చెప్పేవారితో మేము ఏకీభవించలేము. నోటర్ డేమ్‌లో తడబడిన నాడు కూడా మైకన్ కష్టపడేవాడే.

కళ్ళజోడు సంగతి మిగిలింది. దానిని అతడు తీసివేయలేదు. దళసరి అద్దాలతోనే కోర్టులోకి దిగాడు. వృత్తి ఆటగాడైన తరువాత కూడా ఆ కళ్ళజోడుతోనే ఆడాడు. నేడు అతని చిత్రం ఎక్కడ చూసినా ఆ గుండ్రని అద్దాలే మొదట కనిపిస్తాయి. జట్టునుండి తొలగించటానికి కారణమైన వస్తువే మనిషికి గుర్తుగా నిలిచింది.

డిపాల్ జట్టు పైకి వచ్చింది. మొదట మేయర్ ఇతనిని తమ రింగు దగ్గర నిలబెట్టి, ప్రత్యర్థులు వేసిన బంతి రింగులోకి దిగబోయే సమయంలో ఎగిరి తట్టివేయమనేవాడు. నిబంధనలలో దానికి అభ్యంతరం ఉండేది కాదు. ఓక్లహామా ఏ అండ్ ఎమ్ కళాశాలలో 7 అడుగుల బాబ్ కర్లాండ్ కూడా ఇదే పని చేస్తుండేవాడు. ఈ ఇద్దరి ధాటికి ఆట చెడిపోతున్నదని భావించి, క్రిందికి దిగుతున్న బంతిని తాకరాదని 1944లో కళాశాల క్రీడాధికారులు నిబంధన విధించారు. ఒక ఆయుధం పోయింది. ఆ మరుసటి సంవత్సరమే, 1945 మార్చిలో, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలలో రోడ్ ఐలండ్ కళాశాలపై మైకన్ ఒక్కడే 53 పాయింట్లు చేశాడు. ప్రత్యర్థి జట్టు మొత్తం చేసినవి కూడా సరిగ్గా 53 పాయింట్లే. డిపాల్ 97 పాయింట్లతో గెలిచింది, తరువాత బౌలింగ్ గ్రీన్ జట్టును ఓడించి ఆ పోటీలలో విజేత అయింది.

ఇక్కడ ఒక పరాజయాన్ని కూడా చెప్పటం న్యాయం. అదే మార్చి నెలాఖరులో రెడ్‌క్రాస్ సహాయార్థం జరిగిన ఆటలో కర్లాండ్ జట్టుతో డిపాల్ తలపడింది. ఇద్దరు మహాకాయుల పోరు చూడటానికి జనం విరగబడి వచ్చారు. మైకన్ 14 నిమిషాలలోనే ఫౌల్స్ పరిమితి దాటి, 9 పాయింట్లతో బయటకు రావలసి వచ్చింది. డిపాల్ 52-44 తేడాతో ఓడిపోయింది. మోచేతులను విరివిగా వాడటం అతని ఆటలో మొదటినుండీ ఉన్న దోషం. అది చివరివరకు పూర్తిగా పోలేదు. వృత్తి ఆటలోనూ అత్యధికంగా ఫౌల్స్ చేసినవారి జాబితాలో అతని పేరు తరచు కనిపించేది. అన్ని బలహీనతలూ బలాలుగా మారినాయని చెప్పటం కథలకు బాగుంటుంది గాని చరిత్రకు సరిపోదు.

1946లో మైకన్ షికాగో అమెరికన్ గేర్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. ఐదేళ్ళకు 60,000 డాలర్ల ఒప్పందం ఆనాటికి ఆశ్చర్యకరమైనది. 1947లో ఆ జట్టు నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ విజేత అయింది. అంతలో జట్టు యజమాని ఆ లీగ్‌ను వదలి తనదే ఒక కొత్త లీగ్‌ను ప్రారంభించగా, అది నెల తిరగకుండానే మూతపడింది. ఆటగాళ్ళను మిగిలిన జట్లకు పంచినప్పుడు మైకన్ మినియాపొలిస్ లేకర్స్ జట్టు వంతుకు వచ్చాడు. మినెసోటా రాష్ట్రం సరస్సుల సీమ గనుక ఆ జట్టుకు ఆ పేరు. జాన్ కుండ్లా శిక్షణలో, జిమ్ పోలార్డ్, తరువాత వెర్న్ మికెల్సన్, స్లేటర్ మార్టిన్ వంటి సహచరులతో మైకన్ 1948, 1949, 1950, 1952, 1953, 1954 సంవత్సరాలలో విజేత అయ్యాడు. గేర్స్ విజయాన్ని కలుపుకుంటే ఎనిమిది ఋతువులలో ఏడు విజయాలు.

1948 ఫిబ్రవరిలో షికాగోలో జరిగిన ఒక ఆటను ఇక్కడ విడిచిపెట్టలేము. కేవలం నల్లజాతి క్రీడాకారులతో కూడిన హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు లేకర్స్‌ను సవాలు చేసింది. నల్లజాతివారికి పెద్ద లీగ్‌లలో చోటు దాదాపుగా లేని రోజులవి. వారు వినోదానికే తప్ప నిజమైన పోటీకి పనికిరారని చాలామంది అనుకునేవారు. మైకన్ తన వంతు పాయింట్లు తాను చేసినా, రెండవ భాగంలో ఇద్దరేసి ఆటగాళ్ళు అతనిని చుట్టుముట్టారు. ఆఖరు క్షణంలో అర్మర్ రాబిన్సన్ దూరం నుండి వేసిన బంతి రింగులో పడి గ్లోబ్‌ట్రాటర్స్ 61-59తో గెలిచారు. 1950లో చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్, ఎర్ల్ లాయిడ్‌లు జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం జట్లలో ప్రవేశించటానికి ఈ ఆట కూడా కొంత దోహదం చేసిందని మా అభిప్రాయం. పనికిరాడన్న మాటను పడి లేచిన మైకన్ ఓడిపోయిన ఆటలలో, అటువంటి మాటనే పడుతున్నవారు అతనిపై గెలిచిన ఈ ఆట మాకు ఎక్కువ ఆదరణీయంగా తోస్తుంది.

ప్రేక్షకులకు మైకన్ పట్ల గల మోజు ఎంతటిదో తెలియటానికి ఒక సంగతి చాలు. 1949 డిసెంబరులో న్యూయార్క్ నిక్స్ జట్టుతో ఆడటానికి లేకర్స్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు వెళ్ళినప్పుడు, బయట దీపాల బోర్డుపై లేకర్స్ పేరే లేదు. నిక్స్‌తో పోటీ పడేది జార్జ్ మైకన్ అని మాత్రమే వ్రాసి ఉన్నది. సహచరులు దుస్తులు మార్చుకోకుండా గదిలో కూర్చుని, వెళ్ళి ఒక్కడివే ఆడి రమ్మని అతనిని ఆటపట్టించారట.

శరీరం మాత్రం అతనిని ఎన్నడూ సుఖంగా ఉండనీయలేదు. 1949 ఫైనల్ పోటీలలో వాషింగ్టన్ కాపిటల్స్‌పై ఆడుతుండగా నాలుగవ ఆటలో చేతి ఎముక విరిగింది. కట్టుతోనే ఐదవ ఆటకు దిగి 22 పాయింట్లు చేశాడు. ఆ ఆట ఓడినా ఆరవ ఆటతో విజయం లేకర్స్‌దే అయింది. 1951లో కాలి ఎముక చిట్లినప్పుడు పట్టీ వేసుకుని కుంటుతూనే ఆడాడు గాని ఆ సంవత్సరం రాచెస్టర్ రాయల్స్ చేతిలో లేకర్స్ ఓడిపోయారు. ఎముకలు విరిగినా ఆడటాన్ని మేము ఆదర్శంగా చూపటం లేదు. దాని మూల్యం తరువాత చెల్లించవలసినవాడు అతడే.

ప్రత్యర్థులు ఇతనిని ఆపలేక ఆటనే ఆపివేసిన రాత్రి ఒకటున్నది. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్‌లో ఆడుతూ, బంతి మైకన్ చేతికి పోకుండా ఉండేందుకు దానిని తమ వద్దనే పట్టుకుని నిలుచుండిపోయింది. ప్రేక్షకులు విసిగి కేకలు పెట్టారు. చివరికి 19-18తో పిస్టన్స్ గెలిచారు. లేకర్స్ చేసిన 18 పాయింట్లలో 15 మైకన్‌వే. జాతీయ సంఘపు చరిత్రలో ఇంత తక్కువ పాయింట్ల ఆట మరొకటి లేదు. బంతి చేతికందిన 24 సెకండ్లలో షాట్ వేయాలన్న నిబంధన 1954లో రావటానికి ఇటువంటి ఆటలే కారణం.

నిబంధనలు అతని కోసం మారటం అదొక్కటే కాదు. రింగు క్రింద గీసిన దారిలో దాడి చేసే ఆటగాడు 3 సెకండ్లకు మించి నిలువరాదు. ఆ దారి వెడల్పు అప్పటికి 6 అడుగులు. మైకన్ దాని అంచున నిలబడి, ఒక్క అడుగులో రింగును అందుకునేవాడు. 1951లో ఆ వెడల్పును 12 అడుగులకు పెంచారు. అనగా అతనిని రింగు నుండి దూరంగా నెట్టివేశారు. ఆ ముందటి ఋతువులో ఆటకు సగటున 28.4 పాయింట్లు చేసినవాడు ఈ ఋతువులో 23.8కి దిగాడు. అయితే దూరం నుండి ఆడటం, సహచరులకు బంతి అందించటం నేర్చుకుని, 1952 జనవరి 20న రాచెస్టర్‌పై ఒకే ఆటలో 61 పాయింట్లు చేశాడు. లేకర్స్ ఆ సంవత్సరమూ విజేతలే. 1954 మార్చిలో ప్రయోగార్థం రింగును 12 అడుగుల ఎత్తుకు పెంచి ఒక ఆట ఆడించారు. పొడగరులకు కళ్ళెం వేయవచ్చునని కొందరి ఆశ. తీరా చూస్తే ఎత్తు పెరిగిన రింగు పొట్టివారికి మరింత కష్టమైనదని తేలి ఆ ఆలోచన అంతటితో ముగిసింది.

1954లో, ముప్పయి ఏళ్ళ వయస్సులో, మైకన్ ఆట చాలించాడు. 1956లో తిరిగి వచ్చి 37 ఆటలు ఆడినా, 24 సెకండ్ల నిబంధనతో పరుగుపందెంగా మారిన ఆటలో పూర్వపు వెలుగు కనిపించలేదు. సగటు 10.5 పాయింట్లు. అదే సంవత్సరం మినెసోటా నుండి అమెరికా కాంగ్రెసుకు పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. 1957లో లేకర్స్ శిక్షకుడయ్యాడు. 39 ఆటలలో 9 మాత్రమే గెలిచి ఆ పదవి వదిలాడు. గొప్పగా ఆడటం వేరు, ఆడించటం వేరు. రే మేయర్ డిపాల్‌లో 1984 వరకు 42 ఋతువులు శిక్షకుడుగా కొనసాగి 724 విజయాలు సాధించిన విషయం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఆడుతున్న కాలంలోనే మైకన్ న్యాయశాస్త్ర పట్టా పొంది ఉన్నాడు. ఆ వృత్తి ప్రారంభంలో కేసులు రాక, ఆరుగురు పిల్లల సంసారం గడవక, జీవిత బీమాను కూడా సొమ్ము చేసుకోవలసిన దుస్థితి కలిగింది. తరువాత నిలదొక్కుకున్నాడు. 1959లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో మొట్టమొదట చేర్చినవారిలో అతడు ఒకడు. 1967లో అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అనే కొత్త సంఘానికి మొదటి కమిషనర్ అయ్యాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతిని ప్రవేశపెట్టినది అతడే. చూపు మందగించిన వారికి, గదిలో వెనుక కూర్చున్నవారికి గోధుమరంగు బంతి సరిగా కనిపించదని అతని వాదన. కళ్ళజోడు మనిషికి తట్టవలసిన ఆలోచనే. దూరం నుండి వేసిన షాట్‌కు 3 పాయింట్లు ఇచ్చే గీతను కూడా ఆ సంఘం అమలు చేసింది. రింగు క్రింద ఆటకు చక్రవర్తియైన మనిషి, రింగుకు దూరంగా ఆడే పొట్టివారికి ఇచ్చిన కానుక అది. 1979లో జాతీయ సంఘం సైతం దానిని స్వీకరించింది. మన కోర్టులపై నేడు గీసి ఉన్న ఆ వంపుగీత చరిత్రలో మైకన్ పేరు ఒక చోట తప్పక వస్తుంది.

వార్ధక్యం కఠినంగా గడిచింది. మధుమేహం ముదిరి మూత్రపిండాలు పాడైనాయి. వారంలో పలుమార్లు రక్తశుద్ధి చేయించుకోవలసి వచ్చేది. 2000 సంవత్సరంలో కుడికాలు మోకాలి క్రింద తొలగించారు. త్రాడాటతో, నాట్యంతో ఒక్కొక్క అడుగే సంపాదించుకున్న కాలు అది. వైద్యపు ఖర్చులు ఉన్నదంతా తినివేశాయి. 1965కు పూర్వం ఆట విరమించిన ఆటగాళ్ళకు వచ్చే పింఛను చాలీచాలనిది. లీగ్ కోట్ల డాలర్లు ఆర్జిస్తుండగా దానికి పునాది వేసినవారు మందులకు వెదకుకోవటం అన్యాయమని, తన కొరకే గాక తన తరంవారందరి కొరకు, చక్రాల కుర్చీలో కూర్చునే అతడు పోరాడాడు. ఆ పోరాటం ఫలించటాన్ని చూడకుండానే 2005 జూన్ 1వ తేదీన, 80 ఏళ్ళ వయస్సులో, అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో కన్నుమూశాడు. ఆ వార్త విన్న షకీల్ ఓనీల్, తనవంటి మహాకాయులకు దారి వేసిన పెద్దమనిషి అంత్యక్రియల ఖర్చు తానే భరిస్తానని ముందుకు వచ్చి, అన్నమాట చెల్లించాడు.

లేకర్స్ జట్టు 1960లోనే మినియాపొలిస్ వదలి లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. మైకన్ ఆడిన నాటి విజయాలను తమవిగా లెక్కించుకుంటూ వచ్చినవారు అతని చొక్కా అంకెను మాత్రం చాలాకాలం గౌరవించలేదు. 2022 అక్టోబరులో, అతడు మరణించిన పదిహేడేళ్ళకు, 99 అంకె గల చొక్కాను తమ క్రీడాభవనపు కప్పుక్రింద ఎత్తి కట్టి, ఇకపై ఆ అంకె మరెవరికీ ఇవ్వబోమని ప్రకటించారు. మినియాపొలిస్‌లో మాత్రం 2001లోనే, అతడు చూస్తుండగానే, హుక్ షాట్ వేస్తున్న అతని విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.